అంకెల అడంగల్

ఆగస్టు మధ్యాహ్నం, అనంతపురం. మెట్ట చేలల్లో చెనక్కాయ పూతకొచ్చింది. ఊడలు దిగాలంటే ఒక్క మంచి వాన కావాలి. ఆ వానేమో వారం నుంచి రేపు రేపంటూ వాయిదా వేస్తోంది. కంప్యూటరు తెరిస్తే కింది మూలన చిన్న బొమ్మ కనిపించింది: నల్లమబ్బు, మూడు చినుకులు, పక్కనే ‘ప్రస్తుతం వర్షం’ అన్న మాట. కిటికీలోంచి చూస్తే వేపాకు కూడా కదలడం లేదు. బొమ్మ మీద నొక్కాను. వాన నిజంగానే పడుతోంది. కాకపోతే హైదరాబాదులో. నా కంప్యూటరు తాను అక్కడున్నాననుకుంటోంది. ఇంకోరోజు బెంగళూరులో ఉన్నాననుకుంటుంది. ఏడాదంతా కలిపినా సగటున 550 మిల్లీమీటర్లతో సరిపెట్టుకునే ఊళ్లో ఇలాంటి పరిహాసం ఎవరికైనా కాస్త మంటెక్కిస్తుంది.

ఫోనులో ఇలా జరగడం తక్కువ. ఉపగ్రహాల సంకేతాలు అందుకునే జీపీఎస్ దానికి ఉంటుంది. బల్లమీది కంప్యూటరుకు ఆ సదుపాయం లేదు. అది ఎక్కడుందో వాతావరణం చెప్పే వెబ్‌సైటుకు తెలియాలంటే ఎక్కువగా ఒకటే ఆధారం, ఐపీ అడ్రసు. సున్నా నుంచి 255 దాకా ఉండే నాలుగు సంఖ్యలు, నడుమ చుక్కలు. మన కంప్యూటరు ఏ వెబ్‌సైటును పలకరించినా, జవాబు ఎక్కడికి పంపాలో చెప్పడానికి ఈ నంబరు ఇచ్చి తీరాలి.

చిక్కేమిటంటే ఆ నంబరులో ఊరు లేదు. పిన్‌కోడులో ఊరుంటుంది. 515 అనగానే తపాలా ఉద్యోగికి అనంతపురం వైపని తెలిసిపోతుంది. పాత ఎస్టీడీ కోడు 08554లోనూ ఊరుంది. ఐపీ అడ్రసు అలాంటిది కాదు, సర్వే నంబరు లాంటిది. ‘214/2’ అని చీటీ మీద రాసి చేతికిస్తే ఎంతటి కరణమైనా ఏమీ చెప్పలేడు. ఏ గ్రామం, పట్టా ఎవరిది, సాగులో ఉన్నది ఎవరు అన్న వివరాలన్నీ అడంగల్‌లో ఉంటాయి. నంబరుకు అర్థం రిజిస్టరు వల్లే వస్తుంది. ఇంటర్నెట్‌కూ అలాంటి అడంగల్ ఒకటుంది. మన మీసేవ కాగితాల్లాగే అదీ కొన్నిచోట్ల అద్దంలా ఉంటుంది, కొన్నిచోట్ల చెదలు పట్టి ఉంటుంది.

దాని మొదటి కరణం జాన్ పోస్టెల్ అనే అమెరికా శాస్త్రవేత్త. 1972 మే నెలలో, అప్పటికింకా బుడిబుడి అడుగుల్లో ఉన్న నెట్‌వర్కుకు సంబంధించి ఒక చిన్న పత్రం రాస్తూ, నంబర్లు పంచడానికి ఒక ‘జార్’ ఉండాలని, ఆ పని తానే చేస్తానని ప్రతిపాదించాడు. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా, 1998 అక్టోబరులో చనిపోయే దాకా, ఎవరికి ఏ నంబర్లు ఇచ్చారన్న జాబితా ఆయన చూసుకున్నదే. ఇక ‘ఈ నంబరు ఎవరిది?’ అని అడిగితే జవాబు చెప్పే ఏర్పాటు కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం చూసేది. మొదట్లో జనం ఆ ఆఫీసుకు ఫోను చేసి అడిగేవారు. 1982లో ఆ ప్రశ్నను కంప్యూటరే అడిగేలా ఒక పద్ధతి రాశారు. దాని పేరు ‘హూ ఈజ్’. ఎవరు అన్న ప్రశ్నే పేరైంది. నలభై ఏళ్లు దాటినా ఆ పద్ధతి ఇంకా వాడుకలోనే ఉంది.

అప్పట్లో నంబర్లు కావలసినన్ని. మొత్తం 429 కోట్ల చిల్లర. ఆ నెట్‌వర్కులో కంప్యూటర్లు కొన్ని వందలున్న కాలంలో అది తరగని చెరువులా కనిపించింది. కొన్ని విశ్వవిద్యాలయాలకు, కొన్ని పెద్ద కంపెనీలకు కోటీ అరవై ఏడు లక్షల నంబర్ల మడులు ఉత్తరం రాస్తే ఇచ్చేశారు. తర్వాత పంపకాన్ని ఖండాలవారీగా విడదీశారు. యూరప్‌కు 1992లో, ఆసియా పసిఫిక్‌కు 1993లో, ఉత్తర అమెరికాకు 1997లో, లాటిన్ అమెరికాకు 2002లో, ఆఫ్రికాకు 2005లో రిజిస్ట్రీలు వచ్చాయి. మనది ఆసియా పసిఫిక్ కింద, అంటే ఏప్‌నిక్ కింద. దాని కార్యాలయం ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉంది. దేశంలో ఆ పని చూసేది ఇరిన్, 2012 నుంచి. 2003లో ఏర్పడిన నిక్సీ అనే సంస్థలో అది ఒక విభాగం. ఏప్‌నిక్ నుంచి ఇరిన్‌కు, ఇరిన్ నుంచి ఇంటర్నెట్ కంపెనీకి, కంపెనీ నుంచి మన ఇంటికి: జిల్లా, మండలం, గ్రామం, మడి అన్నట్టు నంబరు దిగివస్తుంది.

ఈ ఉపమానం నేను వెతికి తెచ్చుకున్నది కాదు. అనంతపురంవాళ్లకు రికార్డుల గొడవ పుట్టుకతో వచ్చేదే. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, 1802 నుంచి దత్తమండలాలంతటా పొలం పొలం కొలిపించాడు. కొలగొలుసు పొడవు 33 అడుగులు. 33 అడుగుల చదరం ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరా; ఇవాళ్టికీ వాడుకలో ఉన్న లెక్క అదే. కొలిచినవాడి మాట నమ్మి ఊరుకోలేదు మన్రో. వాడి వెనకాలే మళ్లీ కొలిచి సరిచూసేవాళ్లను పంపాడు. రిజిస్టరు రాయడం ఒక పని, రాసింది నిజమో కాదో చూడటం ఇంకో పని అని ఆయనకు తెలుసు. ఇంటర్నెట్‌వాళ్లు ఈ రెండో పని చాలాకాలం మర్చిపోయారు.

మర్చిపోయినందుకు ఏమైందో చెప్పేముందు, మన చుక్కల భూముల సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి. బ్రిటిషు కాలం నాటి రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరుండాల్సిన గడిలో పేరు రాయకుండా చుక్కలు పెట్టి వదిలేసిన నంబర్లు రాష్ట్రంలో చాలా ఉన్నాయి. రాసిన గుమాస్తాకు అది ఒక్క క్షణం పని. తరాలుగా ఆ పొలం దున్నినవాళ్లకు మాత్రం అమ్ముకోవడానికి లేదు, బ్యాంకులో తాకట్టు పెట్టడానికి లేదు. వందేళ్ల తర్వాత, 2017లో, ఆ చుక్కల చోట పేర్లు రాయడానికి ఏకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. ఇది ఒక రకం లోపం, ఖాళీ గడి. రెండో రకం మనందరికీ ఇంకా దగ్గరిది: తాత పోయి ముప్ఫై ఏళ్లయినా పట్టా ఆయన పేరు మీదే ఉండటం. ఎవరూ మోసం చేయలేదు. మ్యుటేషన్ చేయించుకోవాలన్న తొందర ఎవరికీ లేకపోయింది, అంతే. మూడోది గుత్త. పేరు ఒకరిది, సేద్యం ఇంకొకరిది. నాలుగోది అసలైన దొంగతనం, లేని మనిషి పేరు మీద పట్టా పుట్టించడం.

ఇంటర్నెట్ అడంగల్‌లో ఈ నాలుగూ ఉన్నాయి.

ఒక మడి నంబర్ల రికార్డు తీసి చూస్తే అందులో మొదటి నంబరు, చివరి నంబరు, తీసుకున్న సంస్థ పేరు, దేశం, పాలనా వ్యవహారాలు చూసే మనిషి, సాంకేతిక వ్యవహారాలు చూసే మనిషి, ఆ నంబర్ల నుంచి ఆగడాలేమైనా జరిగితే ఫిర్యాదు పంపాల్సిన ఈమెయిలు ఉంటాయి. ఈ చివరి గడి ఏప్‌నిక్‌లో 2010 నవంబరు నుంచి తప్పనిసరి అయింది. తప్పనిసరి అనగానే అందరూ నింపారు. నింపడానికేముంది? ఉద్యోగం మానేసినవాడి ఈమెయిలు, ఎవరూ తెరవని పెట్టె, ఏదో ఒకటి రాసి పడేశారు. ఒక బ్యాంకు కంప్యూటరు మీద దాడి జరుగుతుంటే, దాడి వస్తున్న నంబరు యజమానికి కబురు పెడదామని చూస్తే ఉత్తరం తిరిగొచ్చేది. అప్పుడు 2019 నుంచి ఆరునెలలకోసారి ఆ ఈమెయిలుకు ఒక పరీక్ష ఉత్తరం పంపడం మొదలుపెట్టారు. బదులు రాకపోతే ఆ రికార్డు మీద ‘చెల్లదు’ అన్న ముద్ర పడుతుంది. మన్రో రెండో గొలుసు ఇన్నాళ్లకు వచ్చిందన్నమాట. అయినా ఆ పరీక్ష, పెట్టె తెరిచే మనిషి ఒకడున్నాడని మాత్రమే చెబుతుంది. ఫిర్యాదు చదివి ఏమైనా చేస్తాడా అన్నది వేరే సంగతి.

నంబర్లు చవకగా దొరికినన్నాళ్లు ఇదంతా చిన్న తలనొప్పి. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ గాదెలో మిగిలిన చివరి ఐదు పెద్ద మడులనూ ఐదు ఖండాలకు పంచేశారు. ఆ ఏప్రిల్‌లోనే ఏప్‌నిక్ రేషను పద్ధతిలోకి దిగింది. నీళ్లు అడుగంటాక బోరున్నవాడికి విలువ పెరుగుతుందని మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. దివాలా తీసిన నార్టెల్ కంపెనీ నుంచి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది 6,66,624 నంబర్లను 75 లక్షల డాలర్లకు కొంది. నంబరుకు పదకొండు డాలర్ల పైన. ఇప్పుడు అమెజాన్ క్లౌడ్ వ్యాపారం 2024 ఫిబ్రవరి నుంచి ఒక్కో నంబరుకు గంటకు అర సెంటు అద్దె పిండుతోంది. లెక్క వేస్తే ఏడాదికి 43 డాలర్ల పైమాటే. ఒకప్పుడు ఉత్తరం రాస్తే ఊరికే ఇచ్చిన సరుకు ఇది.

ధర వచ్చిందంటే దొంగలు వస్తారు. వాళ్లు మొదట వెతికింది తాతల పట్టాలను. ఎప్పుడో మూతబడిన కంపెనీల పేరు మీద నంబర్లు ఊరికే పడున్నాయి. రికార్డులో పాత ఈమెయిలు ఉంది, ఆ ఈమెయిలు నడిచిన వెబ్ పేరు గడువు తీరి గాలికి పోయింది. కొన్ని డాలర్లు కట్టి ఆ వెబ్ పేరును కొనుక్కుంటే చాలు, చచ్చిపోయిన కంపెనీ తరఫున రిజిస్ట్రీకి ఉత్తరం రాయొచ్చు. రిజిస్ట్రీ కూడా సరైన ఈమెయిలు నుంచే వచ్చింది కదా అనుకుంటుంది. తాత సంతకం మనవడు కాని వాడు పెట్టినట్టు.

లేని మనుషులను పుట్టించిన కేసు అమెరికాలో దొరికింది. సౌత్ కరొలైనా రాష్ట్రంలోని మిక్‌ఫో అనే కంపెనీ యజమాని, తన వ్యాపార భాగస్వాములంటూ బోలెడు డొల్ల కంపెనీలు పుట్టించాడు. వాటికి లేని డైరెక్టర్ల పేర్లు పెట్టి, వాళ్ల పేర్లతో నోటరీ అఫిడవిట్లు కూడా ఉత్తర అమెరికా రిజిస్ట్రీకి సమర్పించాడు. అలా సంపాదించిన నంబర్లు 7,57,760. 2019 మేలో కేసు పడింది, 2021 నవంబరులో నేరం ఒప్పుకున్నాడు, 2023 అక్టోబరులో ఐదేళ్ల జైలు పడింది. రిజిస్ట్రీ ఆ నంబర్లను వెనక్కి తీసుకుంది. ఐపీ నంబర్ల రిజిస్ట్రేషన్‌లో అబద్ధం చెప్పినందుకు జైలుకు వెళ్లడం అరుదు. ఇది ఆ అరుదైన వాటిలో ఒకటి.

ఆఫ్రికాలో ఇంకా ఘోరం. అక్కడ తాళంచెవి చేతిలో ఉన్నవాడి మీదే అనుమానం పడింది. రిజిస్టరులో తేడాలున్నాయని 2019లో బయటి పరిశోధకులు బయటపెట్టారు. ఆఫ్రికా రిజిస్ట్రీ తన లెక్కలు తాను తవ్వుకుంటే నలభై లక్షలకు పైగా నంబర్లు పక్కదారి పట్టాయని తేలింది. కొన్ని నిల్వలోంచే పోయాయి, కొన్ని పాత కంపెనీల పేర్ల మీది నుంచి. తర్వాత నంబర్లు వెనక్కి తీసుకునే విషయంలో ఒక పెద్ద ఖాతాదారుతో కోర్టు గొడవలు ముదిరి, 2023లో మారిషస్ కోర్టు ఆ సంస్థను రిసీవరు చేతిలో పెట్టాల్సి వచ్చింది. రిజిస్టరును కాపాడాల్సిన సంస్థనే ఇంకొకరు కాపాడాల్సిన పరిస్థితి.

ఇక గుత్త. నంబర్లున్న కంపెనీ వాటిని ఇంకో కంపెనీకి నెల అద్దెకిస్తుంది. ఆ కంపెనీ ఇంకొకరికి. రికార్డులో మాత్రం మొదటి పేరే. ఉత్తర అమెరికాలో ఎనిమిది, అంతకన్నా ఎక్కువ నంబర్లు ఎవరికైనా కేటాయిస్తే ఏడు రోజుల్లోగా ఆ సంగతి నమోదు చేయాలన్న నిబంధన ఉంది. ఆసియా పసిఫిక్‌లో కంపెనీ తన ఖాతాదారుల వివరాలను బహిరంగంగా చూపకుండా దాచుకోవచ్చు. ఏ పద్ధతిలోనైనా, అద్దెకిచ్చినవాడికి అద్దెదారు పేరు రాయాలన్న ఉబలాటం ఏమీ ఉండదు. మన కౌలురైతు కార్డు కథ తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. 2019 చట్టం ప్రకారం పదకొండు నెలల సాగు హక్కు పత్రం ఇస్తారు, దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. భయపడక్కర్లేదని చట్టంలో రాసి ఉన్నా సంతకం మాత్రం పడదు. రికార్డులో పేరు ఒకరిది, పొలంలో చెమట ఇంకొకరిది.

ఇప్పుడొక ప్రశ్న. రిజిస్ట్రీ గట్టిగా కొరడా ఝళిపిస్తే సరిపోదా? తప్పు రాసినవాడి నంబర్లు పీకేస్తే?

ఇక్కడే అసలు మెలిక. రిజిస్ట్రీ చేతిలో ఉన్నది కాగితమే. తన పుస్తకంలోంచి పేరు కొట్టేసినంత మాత్రాన తీగల్లో డేటా పారడం ఆగదు. ఇంటర్నెట్‌లో దారులు దండోరా మీద నడుస్తాయి. ప్రతి నెట్‌వర్కూ పక్క నెట్‌వర్కుకు ‘ఈ నంబర్లు నా దగ్గరున్నాయహో’ అని చాటింపు వేస్తుంది. వాళ్లు విని, ఆ పక్కవాళ్లకు చాటుతారు. అడంగల్ తెరిచి చూసి నమ్మాలన్న నియమం మొదట్లో లేదు. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం, తమ దేశంలో యూట్యూబ్ ఆపమని ప్రభుత్వం చెబితే, యూట్యూబ్ నంబర్లలో 256 ఉన్న చిన్న ముక్క తమదేనని లోపల చాటింపు వేసుకుంది. ఆ చాటింపు పొరపాటున సరిహద్దు దాటింది. పెద్ద మడి గురించి చెప్పినవాడికన్నా చిన్న ముక్క గురించి చెప్పినవాడి మాటే రౌటర్లు వింటాయి. దాంతో దాదాపు రెండు గంటలపాటు ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ పాకిస్తాన్ దారి పట్టి మాయమైంది.

అందుకు వచ్చిన మందు పేరు ఆర్‌పీకేఐ. నంబర్ల అసలు హక్కుదారు ‘ఈ మడిని ఫలానా నెట్‌వర్కు మాత్రమే చాటాలి’ అని ఒక పత్రం రాసి, ఎవరూ ఫోర్జరీ చేయలేని గణిత సంతకం పెట్టి, రిజిస్ట్రీ ద్వారా బయటపెడతాడు. చాటింపు వినగానే, ఈ పద్ధతి పాటించే రౌటరు ఆ పత్రంతో పోల్చి చూస్తుంది. సరిపోలకపోతే చాటింపును చెత్తబుట్టలో వేస్తుంది. 2012లో ఈ పద్ధతి నిబంధనలు ఖరారయ్యాయి. 2024 మే నాటికి ఇంటర్నెట్‌లో తిరిగే పాత తరహా దారుల్లో సగానికి పైగా ఇలాంటి పత్రాల కిందికి వచ్చాయి.

సంతకం గొప్పే. నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించింది మనుషుల ప్రవర్తనలో వచ్చిన మార్పు. ఫిర్యాదుల ఈమెయిలు తప్పు రాస్తే, రాసినవాడికి నష్టమేమీ లేదు. పైగా ఫిర్యాదులు రావు, హాయి. నష్టం ఎక్కడో దాడికి గురైన వాడిది. ఆర్‌పీకేఐ పత్రంలో తప్పు రాస్తే రాసినవాడి వెబ్‌సైటే సాయంత్రానికల్లా జనానికి అందకుండా పోతుంది. ఖాతాదారులు ఫోన్లు చేసి తిడతారు. ఆ తప్పు ఆ రాత్రే సరిదిద్దుకుంటారు. మన ఊళ్లలో ఇదే తేడా ఈ-పంట నమోదులో చూశాను. అడంగల్‌లో పంట గడి ఒకప్పుడు ఇంట్లో కూర్చుని నింపేసినా అడిగేవాడు లేడు. పంటల బీమా, ఇన్‌పుట్ సబ్సిడీ, మద్దతు ధర కొనుగోలు ఆ గడికి ముడిపడ్డాక, రైతే వ్యవసాయ సహాయకుణ్ని చేను దాకా పిలుచుకెళ్లి ఫొటో తీయించుకుంటున్నాడు. చెనక్కాయ వేసిన చోట కంది అని పడితే రైతుసేవా కేంద్రం దగ్గర తెల్లారేసరికి నిలబడతాడు. నిబంధన కన్నా నష్టభయం బాగా పనిచేసింది. అయితే ఆ కాగితం మీద పేరు లేని కౌలురైతుకు ఎంత తపన ఉన్నా లాభం లేదన్నది కూడా అక్కడే కనిపిస్తుంది.

ఆర్‌పీకేఐకీ అదే పరిమితి ఉంది. నంబర్ల మడికీ నెట్‌వర్కుకూ ముడి వేస్తుందే తప్ప, ఆ నెట్‌వర్కు వెనక మనిషి ఎవరో చెప్పదు. మడి హద్దురాళ్లు గట్టిపడ్డాయి. మనిషి గడిలో చుక్కలు అలాగే ఉన్నాయి. ఆ మనిషి దాకా వెళ్లాలంటే ఇంటర్నెట్ కంపెనీ తన లోపల రాసుకునే చిట్టా చూడాలి.

ఆ చిట్టా ఎందుకంత చిక్కో అర్థం కావాలంటే మీ ఇంటి రౌటరు సెట్టింగుల్లోకి వెళ్లి బయటివైపు అడ్రసు ఏముందో చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలవుతుంటే, మీకు సొంత నంబరు లేనట్టు. నంబర్ల కరువులో కంపెనీలు కనిపెట్టిన సర్దుబాటు కోసం 2012లో విడిగా తీసిపెట్టిన నలభై ఒక్క లక్షల చిల్లర నంబర్లవి. మీరూ, మీలాంటి వందల ఇళ్లూ కలిసి బయటి ప్రపంచానికి ఒకే నంబరుతో కనిపిస్తారు. పల్లెల్లో ఉత్తరాల మీద ‘కేరాఫ్ శెట్టి అంగడి’ అని రాసేవాళ్లు గుర్తుందా? ఉత్తరాలన్నీ అంగడికే వస్తాయి. ఎవరి ఉత్తరం ఎవరికివ్వాలో శెట్టికి తెలుసు. ఇక్కడ శెట్టి కంపెనీ యంత్రం. కేరాఫ్ పైన ఉండే పేరు పోర్టు నంబరు. ఒక్కో ఐపీ నంబరుకు అరవై అయిదు వేల పైచిలుకు పోర్టులుంటాయి. ఏ క్షణంలో ఏ పోర్టు ఏ ఇంటికి ఇచ్చిందో కంపెనీ రాసి పెట్టుకుంటేనే తర్వాత ఎవరైనా అడిగినప్పుడు చెప్పగలదు. పోర్టు చెప్పకుండా నంబరు మాత్రమే పట్టుకుని పోలీసులు వస్తే, వందల ఇళ్లలో ఏదో చెప్పడం ఎవరి వల్లా కాదు.

ఈ చిట్టాలో ఒక్క తప్పు జరిగితే ఏమవుతుందో 2007లో మన పక్కనున్న బెంగళూరులో తేలింది. అప్పటి సామాజిక మాధ్యమం ఆర్కుట్‌లో శివాజీ మహారాజును కించపరిచే బొమ్మ ఎవరో పెట్టారు. పుణే పోలీసులు ఐపీ నంబరు సంపాదించి, ఆ సమయంలో అది ఎవరి దగ్గరుందని ఇంటర్నెట్ కంపెనీని అడిగారు. కంపెనీ ఒక పేరు ఇచ్చింది. ఆగస్టు ఆఖరున ఆ పేరుగల సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఇంట్లోంచి తీసుకెళ్లారు. దాదాపు యాభై రోజులు జైల్లో ఉన్నాక, కంపెనీ ఇచ్చిన పేరే తప్పని బయటపడింది. ఆ బొమ్మతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. చిట్టా రాసినవాడి పొరపాటు, జైలు ఇంకొకడికి.

అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో ఒక పొలం నడుమ ఉన్న ఇల్లు పడ్డ పాట్లు ఇంకో రకం. ఐపీ నంబర్లను ఊళ్లతో జతపరిచే ఒక కంపెనీ, అమెరికాలో ఉందని తప్ప ఏ ఊరో తెలియని నంబర్లన్నిటికీ దేశం నడుమనున్న ఒక బిందువును రాసి పెట్టింది. ఆ బిందువు ఆ ఇంటి ఆవరణలో పడింది. అరవై కోట్ల నంబర్లు! ఏళ్ల తరబడి పోలీసులు, పన్ను అధికారులు, మోసపోయిన జనం ఆ ఇంటి తలుపు తట్టారు. 2016లో ఒక జర్నలిస్టు తవ్వి రాశాక, కంపెనీ ఆ బిందువును ఒక సరస్సు నడిమికి జరిపింది. చుక్కలు పెట్టి వదిలేసిన గుమాస్తాకు నిజాయితీ ఉందనిపిస్తుంది ఒక్కోసారి. తెలియనిది తెలియదని చూపించాడు కదా.

మన దేశంలో కొరడా 2022 ఏప్రిల్ 28న పడింది. కంప్యూటరు భద్రత చూసే సెర్ట్-ఇన్ ఆ రోజు ఇచ్చిన ఆదేశాల్లో డేటా సెంటర్లు, క్లౌడ్ కంపెనీలు, వీపీఎన్ సేవలు తమ ఖాతాదారుల పేరు, చిరునామా సరిచూసుకుని, వాళ్లకు కేటాయించిన ఐపీ నంబర్లతో సహా ఐదేళ్లు దాచాలని చెప్పింది. కంప్యూటర్ల గడియారాలన్నీ జాతీయ గడియారాలతో సరిపోవాలంది. ఈ రెండోది చాలామంది పట్టించుకోలేదు గానీ నా లెక్కలో అదే అసలైనది. విదేశీ వెబ్‌సైటు చిట్టా గ్రీనిచ్ సమయంలో ఉంటుంది, మనది అయిదున్నర గంటలు ముందు. ఆ తేడా మర్చిపోయినా, గడియారం పది నిమిషాలు తప్పినా, నంబరు అప్పటికి ఇంకో ఇంటికి మారి ఉంటుంది. మొదటి దాని మీద మాత్రం పెద్ద రభస జరిగింది. ఎవరికీ తెలియకుండా తిరగడానికే డబ్బు తీసుకునే వీపీఎన్‌లు పేరు రాసుకోవడానికి ఒప్పుకోలేదు. కొన్ని ప్రముఖ కంపెనీలు ఆ వేసవిలోనే భారత్‌లోని సర్వర్లు ఎత్తేసి, భారత్ నంబర్లను బయటి దేశాల నుంచి నడపడం మొదలుపెట్టాయి. రికార్డులో ఊరు ఇక్కడ, యంత్రం సింగపూర్‌లో. నిజం రాయించడానికి పెట్టిన నిబంధన ఒక కొత్త తేడాను పుట్టించింది.

అలాగని ప్రతి ఇంటి పేరూ ప్రపంచానికి కనిపించాలని నేననను. పక్కింటాయనకు ఎన్ని ఎకరాలుందో ఫోనులో చూసే సదుపాయం మనకు మీభూమి వెబ్‌సైటు ఇచ్చింది. దానివల్ల మేలెంత జరిగిందో, పెళ్లి సంబంధాల బేరాలు అంత ముదిరాయి. ఇంటర్నెట్‌లో కంపెనీ పేరు బయట ఉండి, ఇంటివాళ్ల పేరు కంపెనీ చిట్టాలో ఉండి, అది తెరవడానికి చట్టప్రకారం అడగాల్సి రావడం మంచి అమరికే. కాకపోతే లోపలి చిట్టా నిజం కావాలి. అది నిజమో కాదో బయటివాళ్లకు తెలిసే దారి, ఎవరైనా జైలుకు వెళ్లే దాకా, లేదు.

ఐపీవీ6 అనే కొత్త తరహా నంబర్లు పూర్తిగా వాడుకలోకి వస్తే కరువు తీరుతుంది. ఒకటి పక్కన ముప్ఫై ఎనిమిది సున్నాలు పెట్టినా చాలనన్ని నంబర్లు. మన దేశం అందులో ప్రపంచానికే ముందు వరసలో ఉంది, ఫోన్ల పుణ్యాన. నంబరు పంచుకోవాల్సిన అగత్యం తగ్గుతుంది. రాసి పెట్టాల్సిన గడులు మాత్రం పెరుగుతాయి.

ఇంతకీ హైదరాబాదు వాన సంగతి. దానికి మందు చాలా చిన్నది. ఇంటర్నెట్ కంపెనీయే తన నంబర్లు ఏ ఊళ్లో వాడుతున్నారో రాసి ఒక ఫైలు బయట పెట్టొచ్చు. జియోఫీడ్ అంటారు. 2020లో దాని రూపం ఖాయం చేశారు. ఒక్కో మడికి ఒక్క వరస: నంబర్లు, దేశం కోడు, రాష్ట్రం కోడు, ఊరు. అనంతపురానికైతే ‘ఐఎన్, ఐఎన్-ఏపీ, అనంతపురం’ అంతే. జిల్లాకు గడి లేదు కాబట్టి 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి, హిందూపురం, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లినా ఫైలులో ఏమీ దిద్దక్కర్లేదు. తెలంగాణవాళ్లకు ఆ అదృష్టం లేదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2023 నవంబరులో తెలంగాణ కోడును టీజీ నుంచి టీఎస్‌కు మార్చింది. నాలుగు నెలలు తిరక్కుండా, 2024 మార్చిలో, వాహనాల నంబర్లు టీఎస్ నుంచి టీజీకి మారాయి. బండి మీద ఒకటి, ఇంటర్నెట్ ఫైలులో దాని తలకిందులు.

అనంతపురం వరస రాయడానికి ఎవరికైనా అయిదు నిమిషాలు పట్టదు. రాయకపోతే నష్టపోయేది వానకోసం చూసే మనిషి. రాయాల్సిన ఇంజినీరు కూర్చున్నది బహుశా హైదరాబాదులోనే. ఆయన తెర మీద వాతావరణం ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది.